మూడు పద్దులు, ఒకే ప్రయాణం: హైదరాబాద్ ప్రజా రవాణాలో అసలు చిక్కు

నగర రవాణాను ఆధునికీకరించారన్న వార్తతో పాటు పత్రికల్లో సాధారణంగా వచ్చే ఫొటో ఒకటే: పూలదండలు వేసిన కొత్త వాహనం, దాని ముందు జెండా ఊపుతున్న నాయకుడు. హైదరాబాద్ ఈ ముచ్చటను గత రెండు దశాబ్దాల్లో పలుమార్లు చూసింది. 2003 ఆగస్టులో ఎంఎంటీఎస్ లోకల్ రైళ్లు, 2017 నవంబరులో మెట్రో, 2019లో ఎలక్ట్రిక్ బస్సులు వచ్చాయి. వీటిలో ఏదీ నాసిరకం కాదు. రైళ్ల మధ్య ఎడాన్ని కంప్యూటరే నియంత్రించే అధునాతన సిగ్నలింగ్‌ను దేశంలో తొలుత వాడిన వాటిలో హైదరాబాద్ మెట్రో ఒకటి. అయినా, జీతం కాస్త పెరగగానే నగరవాసి చేసే మొదటి పని వాయిదాల మీద బండి కొనుక్కోవడమే. కొత్త వాహనాలు ఇన్ని వచ్చినా ఆ అలవాటు ఎందుకు మారలేదన్న ప్రశ్నకు జవాబు వాహనాల్లో దొరకదు. ఎవరి వాహనాన్ని వారు, ఎవరి పద్దులో వారు ఆధునికీకరించుకున్నారు. ప్రయాణికుడి దారి మాత్రం ఆ పద్దులన్నింటినీ దాటుకుంటూ పోతుంది.

ఘట్‌కేసర్‌లో ఉంటూ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో పనిచేసే ఒక ఉద్యోగిని తీసుకుందాం. ఆమె ఘట్‌కేసర్ నుంచి ఉప్పల్ దాకా ఆర్టీసీ బస్సులో, ఉప్పల్ నుంచి రాయదుర్గం దాకా మెట్రోలో, అక్కడి నుంచి ఆఫీసుకు షేర్ ఆటోలో వెళ్తుంది. బస్సులో ఆధార్ చూపిస్తే మహిళలకిచ్చే ఉచిత జీరో టిక్కెట్, మెట్రోలో పూర్తి ఛార్జీ, ఆటోలో అడిగినంత. ఘట్‌కేసర్‌కు ఎంఎంటీఎస్ కూడా ఉంది గానీ, ఆ రైలు వేళలు ఆమె షిఫ్టుకు కుదరాలి. ఈ మొత్తం ప్రయాణానికి ఎంత సేపు పట్టిందో లెక్క రాసుకునే సంస్థ నగరంలో ఒక్కటీ లేదు. మెట్రో తన రైళ్లు వేళకు నడిచాయా లేదా అని చూసుకుంటుంది. ఆర్టీసీ డిపో తన బస్సు కిలోమీటరుకు ఎంత సంపాదించిందో చూసుకుంటుంది. ఉప్పల్‌లో మెట్లెక్కిన సమయం, రాయదుర్గంలో ఆటో నిండేదాకా కూర్చున్న సమయం ఎవరి పద్దులోనూ ఉండవు. బండి కొనాలా వద్దా అన్న నిర్ణయం జరిగేది సరిగ్గా ఆ నిమిషాల్లోనే.

నిరీక్షణ లెక్క

నగర ప్రయాణికుడికి వాహన వేగం కన్నా దాని రాక ముఖ్యం. ప్రతి పది నిమిషాలకు ఒక బస్సు ఉన్న రూట్లో బస్సులు కచ్చితంగా ఆ ఎడంతోనే వస్తే, వేళ చూసుకోకుండా స్టాపుకు వచ్చిన మనిషి సగటున ఐదు నిమిషాలు నిలబడాలి. అవే బస్సులు రెండేసి ఒకదాని వెనుక ఒకటి వచ్చి, ఆ తరువాత ఇరవై నిమిషాల దాకా ఏదీ రాకపోతే సగటు నిరీక్షణ పది నిమిషాలవుతుంది. రెండు సందర్భాల్లోనూ గంటకు తిరిగినవి ఆరు బస్సులే. డీజిల్ అంతే ఖర్చయింది, డిపో రికార్డులో ట్రిప్పులన్నీ పూర్తయినట్లే ఉంటాయి. ప్రయాణికుడికి మాత్రం సేవ సగానికి పడిపోయింది.

బస్సులు ఇలా జతలుగా రావడానికి డ్రైవర్ల నిర్లక్ష్యమే కారణమని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ గుణం వ్యవస్థలోనే ఉంది. సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు ఆలస్యమైన బస్సు కోసం తరువాతి స్టాపులో ఎక్కువమంది చేరి ఉంటారు. వారిని ఎక్కించుకోవడంలో అది మరికొంత వెనుకబడుతుంది. దాని వెనుక వచ్చే బస్సుకు స్టాపుల్లో జనం తక్కువగా ఉంటారు కనుక అది త్వరత్వరగా వచ్చి ముందున్న దాన్ని అందుకుంటుంది. సికింద్రాబాద్ నుంచి మెహిదీపట్నం వెళ్లే 49ఎం, 5కే లాంటి రూట్లలో ముందు బస్సు ఫుట్‌బోర్డు మీద జనం వేలాడుతుండగా వెనుక బస్సులో సీట్లు ఖాళీగా కనిపించడానికి కారణం ఇదే. దీనికి మందు తెలియనిదేమీ కాదు. దారి మధ్యలో ఒకటి రెండు చోట్ల ముందుగా వచ్చిన బస్సును కాసేపు ఆపి ఎడాన్ని సరిచేయాలి. జీపీఎస్ తెరను రోజంతా చూస్తూ అప్పటికప్పుడు ఆదేశాలిచ్చే కంట్రోలర్ ఉండాలి. ఎక్కేందుకు, దిగేందుకు వేర్వేరు తలుపులుండాలి. వీటిలో దేనికీ శంకుస్థాపన ఉండదు కనుక వార్తల్లోకి రావు. ప్రారంభోత్సవం చేయడానికి వీల్లేని పనులే నగర రవాణాలో ఎక్కువ ఫలితమిస్తాయని నా అభిప్రాయం.

బస్సుల సంఖ్య సంగతి వేరు. పట్టణ సేవల నాణ్యతకు కేంద్రం పెట్టిన ప్రమాణం ప్రకారం ప్రతి వెయ్యి మందికి 0.6 బస్సు, అంటే లక్ష మందికి 60 బస్సులు ఉండాలి. కోటి జనాభా దాటిన హైదరాబాద్‌కు ఆ లెక్కన కనీసం 6,000 కావాలి. ఆర్టీసీ గ్రేటర్ పరిధిలో తిరిగేవి 3,000కు అటూ ఇటుగా ఉన్నాయి. 2019 అక్టోబరు, నవంబరు నెలల్లో 52 రోజులు సాగిన సమ్మె ముగిశాక, నష్టాల పేరుతో నగరంలో వందల కొద్దీ బస్సులను తగ్గించారు. అంతలో కొవిడ్ వచ్చింది. ఆ తరువాత 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలై, నగరంలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితమైంది. ప్రయాణికులు ఒక్కసారిగా పెరిగారు. బస్సులు ఆ మేరకు పెరగలేదు. ఉచిత ప్రయాణం మంచిదా చెడ్డదా అని టీవీ చర్చల్లో జరిగే వాదులాటలో ఈ చిన్న సంగతి మరుగున పడిపోతుంది. గిరాకీని పెంచే నిర్ణయం ఒక రోజులో అమలైంది. సరఫరాను పెంచే నిర్ణయానికి టెండర్లు, డిపోలు, డ్రైవర్ల నియామకాలు కావాలి కనుక ఏళ్లు పడుతుంది.

అయితే ప్రతిసారీ బస్సులు కొనే సేవను పెంచాలా? ఇక్కడ మరొక లెక్క ఉంది. ఒక రూట్లో పోయి రావడానికి 100 నిమిషాలు పట్టేటప్పుడు, పది నిమిషాలకొక బస్సు నడపాలంటే 10 బస్సులు చాలు. ట్రాఫిక్ పెరిగి అదే దూరానికి 150 నిమిషాలు పడితే, అదే పది నిమిషాల సేవకు 15 బస్సులు, వాటికి తగినంతమంది డ్రైవర్లు, కండక్టర్లు కావాలి. అంటే రోడ్డు మీద రద్దీ ఆర్టీసీ చేతిలోని ప్రతి మూడు బస్సుల్లో ఒకదాన్ని నిశ్శబ్దంగా లాగేసుకుంటోంది. బస్సుకు రోడ్డులో ప్రత్యేక వరుస ఇస్తే, ఒక్క బస్సూ కొనకుండానే ఆ ఐదు బస్సులు తిరిగి చేతికొస్తాయి. వాహనాలను కాకుండా మనుషులను కదిలించడం లక్ష్యం కావాలని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం చెప్పింది ఈ లెక్కనే.

కాగితం మీద ఇంత సులువుగా కనిపించే పని ఎందుకు జరగదో తెలియాలంటే విశాఖ, విజయవాడలు చూస్తే చాలు. జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ పునరుద్ధరణ పథకం కింద రెండు నగరాల్లోనూ బీఆర్‌టీఎస్, అంటే బస్సులకు ప్రత్యేక వరుసలుండే వ్యవస్థ, పేరుతో రోడ్లు వేశారు. విశాఖలో పెందుర్తి, సింహాచలం కారిడార్ల కోసం రోడ్ల వెడల్పు జరిగింది, విజయవాడలో ఒక రోడ్డుకు ‘బీఆర్‌టీఎస్ రోడ్డు’ అన్న పేరే స్థిరపడిపోయింది. అనుకున్న స్థాయిలో బస్సుల వ్యవస్థ మాత్రం రెండు చోట్లా నిలబడలేదు. ఢిల్లీలో 2008లో మొదలైన బస్సు వరుసలను కార్లవాళ్ల ఒత్తిడి మధ్య చివరికి తొలగించారు. రోడ్డు వేయడం ఇంజినీర్ల పని. వేసిన రోడ్డులో ఒక వరుసను కార్ల నుంచి తీసి బస్సులకివ్వడం రాజకీయ నిర్ణయం. కార్లో వెళ్లేవాడి గొంతు బస్సులో నిలబడినవారి గొంతు కన్నా పెద్దగా వినిపించే చోట ఆ నిర్ణయం కష్టం.

ఆదాయం ఎవరిది, నష్టం ఎవరిది

అసలు చిక్కుముడి ఇక్కడ ఉంది. ప్రజా రవాణాలో ప్రతి ఒప్పందం వెనుకా ఉండే ప్రశ్న ఒకటే: ఊహించినంతమంది ఎక్కకపోతే ఆ నష్టం ఎవరు భరించాలి? దీనికి ఇచ్చే జవాబును బట్టే బస్సు స్టాపులో ఆగుతుందా లేదా అన్నదాని దాకా అన్నీ నిర్ణయమవుతాయి.

ఆర్టీసీ సంగతి చూద్దాం. డిపో మేనేజర్ పనితీరును కొలిచే ముఖ్యమైన గీటురాళ్లు రెండు. ఒకటి కిలోమీటరుకు వచ్చిన రాబడి, అంటే ఈపీకే. రెండోది సీట్లు ఎంతమేర నిండాయన్నది, అంటే ఓఆర్. సంస్థ నష్టాల్లో ఉన్నప్పుడు ఈ రెండింటినీ పెంచడానికి అతి సులువైన దారి జనం తక్కువగా ఉండే ట్రిప్పులను తీసేయడం. కాలనీ లోపలికి వెళ్లే బస్సు, రాత్రి పదిన్నర తరువాతి ఆఖరి బస్సు, మెట్రో స్టేషన్ నుంచి రెండు కిలోమీటర్ల దూరం తిరిగే చిన్న బస్సు ఆ వరుసలో ముందుంటాయి. డిపో పద్దులో అవి నష్టాలే. కానీ ఆఖరి బస్సు లేదని తెలిసిన మనిషి పొద్దున కూడా బస్సెక్కడు, బండి మీదే వెళ్తాడు. మెట్రో స్టేషన్‌కు చేర్చే చిన్న బస్సు లేకపోతే మెట్రోకు రావలసిన ముప్ఫై నలభై రూపాయల ఛార్జీ పోతుంది. ఆ నష్టం కనిపించేది వేరే సంస్థ పద్దులో కనుక డిపో మేనేజర్‌కు దానితో పని లేదు. ఆయన చేసింది ఆయన లెక్కలో సరైనదే. విడివిడిగా అన్ని లెక్కలూ సరిగ్గా ఉండి, కలిపి చూస్తే తప్పవడం ఈ వ్యవస్థ ప్రత్యేకత.

ఇక మెట్రో. ఇది ఆర్టీసీకి పూర్తిగా అవతలి కొసన ఉన్న ప్రయోగం. దేశంలో చాలా మెట్రోలను కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు ఉమ్మడిగా కడితే, హైదరాబాద్ మాత్రం మూడు కారిడార్లు, దాదాపు 72 కిలోమీటర్లను ప్రైవేటు భాగస్వామ్యంతో, ప్రయాణికుల సంఖ్య తాలూకు నష్టభయాన్ని నిర్మాణ సంస్థకే వదిలి కట్టాలని నిర్ణయించింది. 2008లో టెండరు గెలిచిన, సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్, ప్రభుత్వం నుంచి ఒక్క రూపాయి తీసుకోకపోగా, 35 ఏళ్లలో తానే 30,311 కోట్ల రూపాయలు ప్రభుత్వానికి చెల్లిస్తానంది. ఢిల్లీ మెట్రో సారథిగా ఉన్న ఇ. శ్రీధరన్ అప్పుడే ప్రణాళికా సంఘానికి లేఖ రాసి, ఈ పథకంలో రైలు కన్నా స్థిరాస్తి వ్యాపారమే ముందుకొస్తోందని గట్టిగా అభ్యంతరం చెప్పారు. రాష్ట్ర ప్రభుత్వం ఆయన మీద కోపగించుకుంది. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడి మేటాస్ కూలిపోయింది, ఆ కేటాయింపు రద్దయింది. మళ్లీ పిలిచిన టెండరులో 2010లో ఎల్ అండ్ టీ గెలిచింది. ఈసారి ప్రభుత్వం నుంచి డబ్బు వచ్చే మాట పోయి, రాబడి లోటును పూడ్చే 1,458 కోట్ల రూపాయల సర్దుబాటు నిధిని ప్రభుత్వమే సంస్థకు ఇవ్వవలసి వచ్చింది. ఒకే రైలు మార్గం రెండేళ్ల వ్యవధిలో వేల కోట్ల ఆదాయ వనరు నుంచి సహాయం కావలసిన పథకంగా మారిపోయిందంటే, మారింది మార్గం కాదు, దాని వెనుక వేసుకున్న ఊహలు.

ఎల్ అండ్ టీ ఒప్పందంలోనూ ఊహలే పునాది. రాబడిలో సుమారు సగం టిక్కెట్ల నుంచి, 45 శాతం స్థిరాస్తుల నుంచి, మిగిలిన కొద్దిపాటి ప్రకటనల నుంచి వస్తుందని లెక్కవేశారు. ఇందుకు 269 ఎకరాలు, వాటి మీద 185 లక్షల చదరపు అడుగుల నిర్మాణానికి హక్కులిచ్చారు. పంజాగుట్ట, ఎర్రమంజిల్, హైటెక్ సిటీ, మూసారాంబాగ్‌లలో మాల్స్ వచ్చాయి గానీ, అనుకున్న దానిలో అది చిన్న భాగమే. భూసేకరణ, మార్గం మార్పుల మీద వివాదాలతో పనులు సాగి, 2017 నవంబరులో మియాపూర్–నాగోల్ మధ్య 30 కిలోమీటర్లు మొదలయ్యాయి. ఎంజీబీఎస్ బస్‌స్టేషన్ దాకా మూడో మార్గం 2020 ఫిబ్రవరి 7న తెరుచుకుంది. మరో నెలన్నరకే లాక్‌డౌన్ వచ్చింది. ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా పాతబస్తీకి వెళ్లవలసిన ఐదున్నర కిలోమీటర్లు మొదటి దశ ఒప్పందంలో ఉన్నా ఇప్పటికీ కట్టలేదు. 69 కిలోమీటర్ల దగ్గర అది ఆగిపోయింది.

నష్టభయం ప్రైవేటు సంస్థది కనుక ప్రభుత్వానికి చింత లేదన్నది ఈ నమూనాను సమర్థించినవారి వాదన. ఆచరణలో అది రెండు వైపులా తెగింది. ప్రయాణికుల సంఖ్య కంపెనీ సొంత చర్యల మీద కన్నా ప్రభుత్వ చర్యల మీదే ఎక్కువ ఆధారపడుతుంది. మెట్రో కింద సమాంతరంగా ఎన్ని బస్సులు నడపాలి, స్టేషన్ ముందు పాదచారుల బాట వేయాలా, బస్సులో మహిళలకు ఉచితం చేయాలా అన్నవి కంపెనీ చేతిలో లేవు. ఉచిత బస్సు ప్రయాణం తమ రాబడిని దెబ్బతీసిందని సంస్థ పెద్దలు 2024లో బహిరంగంగానే చెప్పారు. నియంత్రించే శక్తి ఒకరి దగ్గర, దాని ఫలితాన్ని భరించే బాధ్యత మరొకరి దగ్గర ఉన్న ఒప్పందం ఎంత పకడ్బందీగా రాసుకున్నా నిలవదు. 2025 మే నెలలో కనిష్ఠ ఛార్జీని 10 నుంచి 12 రూపాయలకు, గరిష్ఠ ఛార్జీని 60 నుంచి 75కు పెంచి, విమర్శలు రావడంతో పది శాతం తగ్గించి 11, 69 దగ్గర నిలిపారు. అదే ఏడాది సెప్టెంబరులో, సుమారు 13,000 కోట్ల అప్పును తన మీద వేసుకుని, వాటా కింద దాదాపు 2,000 కోట్లు చెల్లించి మెట్రోను స్వాధీనం చేసుకోవడానికి రాష్ట్ర ప్రభుత్వం సూత్రప్రాయంగా అంగీకరించింది. ఎవరి మీద పడకూడదని పదిహేనేళ్ల కిందట అనుకున్నారో, ఆ నష్టం చివరికి వారి దగ్గరికే చేరింది.

ఎంఎంటీఎస్ గురించి తక్కువలో చెప్పుకోవచ్చు. అది దక్షిణ మధ్య రైల్వే పట్టాల మీద నడిచే లోకల్. అవే పట్టాల మీద దూర ప్రాంతపు ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సు బళ్లు కూడా వెళ్లాలి. రైల్వే పద్దులో ఎక్స్‌ప్రెస్‌కు, గూడ్సుకు ఉన్న విలువ పది రూపాయల లోకల్ టిక్కెట్టుకు ఉండదు కనుక ఆలస్యమయ్యేది ఎప్పుడూ లోకలే. రెండో దశ ఖర్చులో మూడింట రెండు వంతులు రాష్ట్రం, ఒక వంతు రైల్వే భరించాలని ఒప్పుకున్నాక, డబ్బు కోసం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ పదేళ్లు గడిపారు. మేడ్చల్ వైపు కొత్త రైళ్లు 2023 ఏప్రిల్‌లో గానీ రాలేదు. ఇంకొక చిన్న ఉదాహరణ: హైటెక్ సిటీ అన్న పేరుతో నగరంలో ఒక ఎంఎంటీఎస్ స్టేషన్, ఒక మెట్రో స్టేషన్ ఉన్నాయి. రెండింటి మధ్య దూరం రెండున్నర కిలోమీటర్ల పైమాటే. కొత్తగా వచ్చినవాడు ఒకచోట దిగి మరొకదాని కోసం వెతుక్కోవలసిందే.

ఇదంతా విధిరాత కాదు. 1932లో నిజాం స్టేట్ రైల్వేలో ఒక విభాగంగా 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలైనప్పుడు, ఇక్కడ రైలూ బస్సూ ఒకే యజమానివి. 1951 నుంచి బస్సులు రాష్ట్ర ప్రభుత్వానివయ్యాయి, రైళ్లు కేంద్రం చేతిలో ఉండిపోయాయి. ఆనాటి ఏకత్వాన్ని నేటి నగరంలో అలాగే తిరిగి తేలేము, తేనక్కర్లేదు కూడా. యాజమాన్యాలు ఎన్ని ఉన్నా, ప్రయాణికుడికి ఒకే వ్యవస్థగా కనిపించేలా పద్దులను ముడివేయవచ్చని దక్షిణ కొరియా రాజధాని సోల్ నిరూపించింది.

సోల్‌లో 2004కు ముందు బస్సులన్నీ ప్రైవేటు కంపెనీలవి. ఏ రూట్లో లాభముంటే అక్కడికి ఎగబడటం, స్టాపులో జనం కోసం పోటీ పడటం, లాభం లేని కాలనీలను వదిలేయడం అక్కడా ఉండేవి. 2004 జులై 1న నగరం ఒకే రోజు మొత్తం మార్చింది. రూట్లు, వేళలు నిర్ణయించే అధికారాన్ని నగర పాలక సంస్థ తీసుకుంది. టిక్కెట్ల డబ్బంతా ఒకే నిధిలోకి వెళ్తుంది. కంపెనీలకు ఎక్కిన జనాన్ని బట్టి కాక, నడిపిన కిలోమీటర్లను బట్టి చెల్లిస్తారు. బస్సు నుంచి రైలుకు మారినా ఛార్జీ మొత్తం దూరానికే పడుతుంది, మారినందుకు మళ్లీ కనిష్ఠ ఛార్జీ వేయరు. పెద్ద రోడ్ల మధ్యలో బస్సు వరుసలు వేశారు. ప్రధాన మార్గాలకు నీలం, కాలనీల నుంచి స్టేషన్లకు చేర్చేవాటికి ఆకుపచ్చ అంటూ రంగులు కేటాయించారు. మొదటి రోజుల్లో కార్డు యంత్రాలు మొరాయించి, కొత్త రూట్లు అర్థంకాక జనం నగర మేయర్‌ను దుమ్మెత్తిపోశారు. కొన్ని నెలలకు సర్దుకున్నాయి. అయితే కథలో రెండో సగం కూడా చెప్పాలి: కిలోమీటరుకు ఇంత అని హామీ ఇచ్చాక ఆ లోటు నగర ఖజానా మీద పడి, ఏటేటా చెల్లించవలసిన సబ్సిడీ బాగా పెరిగింది. మంచి రవాణా చవకగా రాదు. దాని ధర ఎవరు కడుతున్నారో దాచిపెట్టకుండా తెలిసేలా కట్టడమే సోల్ చేసిన పని.

కిలోమీటరు లెక్కన చెల్లించడం మనకు కొత్త అనుకోనక్కర్లేదు. ఆర్టీసీలో దశాబ్దాలుగా ఉన్న అద్దె బస్సు అదే. బస్సూ డ్రైవరూ యజమానివి, టిక్కెట్ల డబ్బు ఆర్టీసీది, యజమానికి కిలోమీటరుకు ఇంత. ఇప్పుడు ఎలక్ట్రిక్ బస్సులు వస్తున్నదీ ఈ పద్ధతిలోనే. 2022లో ఐదు నగరాల కోసం కలిపి పిలిచిన టెండరులో 12 మీటర్ల ఎలక్ట్రిక్ బస్సుకు కిలోమీటరుకు 43 రూపాయల పైచిలుకు ధర పలికింది. ఈ పద్ధతికీ దాని జబ్బు దానికుంది. ఎవరు ఎక్కినా ఎక్కకపోయినా డబ్బొస్తుంది కనుక డ్రైవర్‌కు స్టాపులో ఆగాలన్న తొందర ఉండదు. అందుకే ఇలాంటి ఒప్పందంలో వదిలేసిన ప్రతి స్టాపుకు, తప్పిన ప్రతి ట్రిప్పుకు జరిమానా ఉండాలి, జీపీఎస్ రికార్డును చూసి ఆ జరిమానాను నిజంగా వసూలు చేసే మనిషీ ఉండాలి. రెండోది లేకపోతే మొదటిది కాగితమే.

ఒకే కార్డు వస్తే సరిపోతుందా

సాంకేతిక పరిజ్ఞానం మీద మనకున్న మోజు వల్ల, అన్నింటికీ ఒకే కార్డు పెడితే పని అయిపోతుందన్న అభిప్రాయం బలపడింది. నేషనల్ కామన్ మొబిలిటీ కార్డు 2019 నుంచే ఉంది. చెన్నై 2025 సెప్టెంబరులో బస్సు, మెట్రో, లోకల్ రైళ్లను ఒకే యాప్‌లోకి, ఒకే క్యూఆర్ టిక్కెట్టులోకి తెచ్చింది. అది మెచ్చుకోదగిన అడుగు. కానీ కార్డు ఒకటైనంత మాత్రాన ఛార్జీ ఒకటి కాదు. ఒకే కార్డుతో బస్సులో ఒక కనిష్ఠ ఛార్జీ, మెట్రోలో మరొక కనిష్ఠ ఛార్జీ కట్టినప్పుడు తగ్గింది క్యూలో నిలబడే సమయమే, ఖర్చు కాదు. ఛార్జీ ఒకటి కావాలంటే, ఆ ఒక్క ఛార్జీలో ఎవరి వాటా ఎంతో సంస్థలు ముందుగా ఒప్పుకోవాలి, తగ్గిన రాబడిని పూడ్చేవారెవరో తేలాలి. యాప్ రాయడం నెలల్లో అయ్యే పని. ఈ బేరం తేల్చడానికి అన్ని సంస్థల మీదా మాట చెల్లే అధికారి కావాలి.

అలాంటి అధికార సంస్థ కాగితం మీద హైదరాబాద్‌కు చెన్నై కన్నా ముందే ఉంది. ఏకీకృత మహానగర రవాణా ప్రాధికార సంస్థ, అంటే ఉమ్టా, 2008లోనే ఏర్పడింది. అందులో అన్ని శాఖల అధికారులూ సభ్యులు. కానీ రూట్లు ఖరారు చేసే అధికారం గానీ, ఛార్జీలు నిర్ణయించే అధికారం గానీ, పంచిపెట్టడానికి సొంత నిధి గానీ దానికి లేవు. డబ్బు చేతిలో లేని సమన్వయ కమిటీ మాట ఏ ఆఫీసులో ఎంతవరకు చెల్లుతుందో ప్రభుత్వోద్యోగం చేసినవారిని అడిగితే చెబుతారు. మహాలక్ష్మి కింద జీరో టిక్కెట్ల విలువను ప్రభుత్వం ఆర్టీసీకి చెల్లిస్తోంది. మెట్రో అప్పు బాధ్యత తీసుకోవడానికీ ఒప్పుకుంది. ఎంఎంటీఎస్ రెండో దశలోనూ పెద్ద వాటా రాష్ట్రానిదే. అంటే మూడు పద్దుల్లోకీ డబ్బు వస్తున్నది ఇప్పటికే చాలావరకు ఒకే ఖజానా నుంచి. ఆ డబ్బు విడివిడిగా శాఖల చేతికి వెళ్లడం మాని, ఉమ్టా లాంటి సంస్థ ద్వారా, పలానా రూట్లో పలానా వేళల్లో ఇన్ని కిలోమీటర్లు నడపాలన్న షరతుతో వెళ్తే, కొత్తగా రూపాయి పెట్టకుండానే ఆ సంస్థకు బలం వస్తుంది.

ఇప్పుడు ముందున్న నిర్ణయాలను ఈ కోణంలో చూడాలి. 2025 మే నెలలో కేంద్రం తన ఎలక్ట్రిక్ వాహనాల పథకం పీఎం ఈ-డ్రైవ్ కింద హైదరాబాద్‌కు 2,000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించింది. ఔటర్ రింగ్ రోడ్డు లోపల డీజిల్ బస్సుల స్థానంలో ఎలక్ట్రిక్ బస్సులే ఉండాలన్నది రాష్ట్ర ప్రభుత్వ ఆలోచన. పొగ తగ్గుతుంది, మంచిదే. కానీ రెండు వేల కొత్తవి వచ్చిన చోట రెండు వేల పాతవి వెళ్లిపోతే, స్టాపులో నిలబడే సమయం ఒక్క నిమిషం కూడా తగ్గదు. పైగా ప్రతి డిపోకూ హెచ్‌టీ, అంటే అధిక వోల్టేజి విద్యుత్ కనెక్షన్ రావాలి, ఛార్జింగ్ కోసం బస్సు ఆగే గంటలను షెడ్యూల్లో కలుపుకోవాలి. లేకపోతే వంద బస్సులున్న డిపో ఎనభై బస్సుల పనే చేస్తుంది. ఇంకోవైపు, ఐదు కారిడార్లలో 76.4 కిలోమీటర్ల మెట్రో రెండో దశకు 24,269 కోట్ల అంచనాతో రాష్ట్రం 2024లో ప్రతిపాదన పంపింది. పాతబస్తీ, శంషాబాద్ విమానాశ్రయం అందులో ఉన్నాయి. ఈసారి నమూనా కేంద్ర, రాష్ట్రాల ఉమ్మడి సంస్థ.

మెట్రో స్వాధీనం పూర్తయితే, దాదాపు 75 ఏళ్ల తరువాత మొదటిసారి నగరంలో రైలు మార్గం ఒకటి, బస్సుల మొత్తం ఒకే ప్రభుత్వ పరిధిలోకి వస్తాయి. అప్పుడు మెట్రోకు సమాంతరంగా తిరిగే బస్సులను, కాలనీల నుంచి స్టేషన్లకు చేర్చే బస్సులను ఒకే కాగితం మీద గీసి మార్చడానికి ఒప్పందాలేవీ అడ్డురావు. ఉప్పల్–సికింద్రాబాద్–అమీర్‌పేట మార్గంలో రైలు కిందే నడిచే బస్సుల్లో కొన్నింటిని తీసి బోడుప్పల్, పీర్జాదిగూడ కాలనీల్లోకి పంపితే ఆర్టీసీ ఈపీకే తగ్గుతుంది, మెట్రో రాబడి పెరుగుతుంది. అలా చేసినప్పుడు ఆ బస్సెక్కే మహిళకు రైల్లో ఛార్జీ భారం కొత్తగా పడుతుంది కనుక, జీరో టిక్కెట్టును మెట్రోలోనూ ఏదో ఒక రూపంలో గుర్తించాలా అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా బస్సులను మళ్లిస్తే జనం రోడ్డెక్కుతారు, బస్సులు వారంలో పాత దారికే వస్తాయి. రెండు వేల ఎలక్ట్రిక్ బస్సుల ఒప్పందాల్లో ఏ కిలోమీటర్లు ఎక్కడ నడపాలో మార్చుకునే హక్కు ఎవరి చేతిలో పెడతారో, ఆ ఒక్క నిబంధనను చూస్తే ప్రభుత్వం ఈ పనికి సిద్ధపడిందో లేదో తెలిసిపోతుంది.